పెండ్లికి జాగా

పెండ్లి కుదిరిందని తెలియగానే మా గూడేల్లో ఇదివరకు అందరూ అడిగే మాట "ఎప్పుడు?" అని. ఇప్పుడు "ఎక్కడ?" అని అడుగుతున్నారు. ఇంటి ముందేనా, బడి ఆవరణలోనా, మండల కేంద్రంలో ఫంక్షన్ హాలు మాట్లాడారా? అడిగేవాళ్ళు మామూలుగానే అడుగుతారు. చెప్పేవాళ్ళే కాస్త తడబడతారు. ఇంటి ముందే అంటే లేనివాళ్ళమని ఒప్పుకున్నట్టు, హాలు అంటే ఉన్నవాళ్ళమైపోయినట్టు. జాగా పేరు చెప్తే చాలు, ఆ ఇల్లు ఎంతటిదో ఊరు లెక్క కట్టేస్తోంది.

డబ్బుల సంగతిగా చూస్తే ఇది పెద్ద చిక్కేం కాదు. చేతిలో ఎంత ఉందో చూసుకుని అంతలో చేసుకోవడమే. కానీ ఎక్కడ చేస్తే ఎంతవుతుంది అనే ప్రశ్న వెనక ఇంకో ప్రశ్న ఉంది. ఎక్కడ చేస్తే ఎవరిమీద పడుతుంది? మొదటిదానికి టెంట్ హౌస్ వాళ్ళు కాగితం మీద జవాబు రాసిస్తారు. రెండోదానికి మనమే చెప్పుకోవాలి. ఈ వ్యాసంలో ఆ రెండోదాన్నే పట్టుకుంటాం. మేమంటే భద్రాచలం ఏజెన్సీ కోయలం, గోదావరికి అటూ ఇటూ ఉన్నవాళ్ళం. గోండు, లంబాడీ, కొండరెడ్డి, సవర చదువరులు తమ తమ పద్ధతులతో పోల్చి చూసుకోవచ్చు. తేడాలుంటాయి, ఉండాలి కూడా.

మా పెద్దల పద్ధతిలో పెండ్లి మగపిల్లవాడి ఇంట్లో. పిల్లను తీసుకొచ్చేది వాళ్ళు, పందిరి వేసేది వాళ్ళు, వచ్చినవాళ్ళకు అన్నం పెట్టేది వాళ్ళు. ఓలి ఇచ్చేదీ వాళ్ళే. ఓలి అంటే పిల్లకు కట్టిన ధర అని బయటివాళ్ళు రాశారు, ఇప్పటికీ అంటుంటారు. ఇంట్లో, పొలంలో, అడవిలో సగానికి పైగా పని చేసే మనిషిని ఒక ఇల్లు వదులుకుంటోంది కదా, ఆ ఇంటికి చెల్లించే మర్యాద అది. ఈ మాట కూడా పూర్తిగా సాఫీగా లేదని మాకు తెలుసు. ఇచ్చిన ఓలిని ఏళ్ళ తరబడి గుర్తు చేస్తూ కోడల్ని దెప్పిన ఇళ్ళున్నాయి. అయినా ఒక సంగతి కాదనలేం. ఆడపిల్ల పుట్టిన రోజే పెండ్లి ఖర్చు తలచుకుని దిగులుపడే అలవాటు మా పెద్దల ఇళ్ళల్లో లేదు. దానికున్న కారణాల్లో పెండ్లి జరిగే జాగా ఒకటి.

ఇక తంతు. 1909లో అచ్చయిన ఎడ్గర్ థర్స్టన్ సంపుటాల్లో, దుమ్ముగూడెం ప్రాంతంలో పనిచేసిన మిషనరీ జాన్ కెయిన్ రాతల ఆధారంగా, మా పెండ్లి ముచ్చట ఒకటి ఉంది. పెండ్లికూతురు తల వంచుతుంది. పెండ్లికొడుకు ఆమె మీదికి వంగుతాడు. అతని తల మీద పోసిన నీళ్ళు జారి ఆమె తల మీద పడతాయి. పెండ్లయిపోయినట్టే. ఎవరూ రాయకముందు నుంచీ మా ముసలివాళ్ళు చెప్పేదీ అదే. తాళి, తలంబ్రాలు, శుభలేఖ వచ్చి చేరాక కూడా మేమెరిగిన చాలా ఇళ్ళు నీళ్ళ ముంతను వదల్లేదు.

ఈ పెండ్లికి ఏం కావాలి? పోసిన నీళ్ళు ఇంకిపోయే నేల కావాలి. ఎండకు నీడ కావాలి. చూసి సాక్ష్యం చెప్పే మనుషులు కావాలి. తివాచీ పరిచి, దాని కింద కరెంటు తీగలు లాగిన స్టేజీ మీద ముంతెడు నీళ్ళు పోస్తామంటే హాలు మేనేజరు ఒప్పుకోడు. అందులో అతని తప్పు లేదు, షాక్ కొడుతుంది. అందుకని నాలుగు చుక్కలు చిలకరించి కానిచ్చేస్తారు. జాగా మారితే తంతు ఎట్లా మారుతుందో చూడాలంటే ఆ నాలుగు చుక్కలు చూడాలి.

పందిరి గురించి రాసేవాళ్ళు ఎక్కువగా దాని అందం గురించి రాస్తారు. మేము కొలతలు చెప్తాం. మూడు వందల మంది భోజనానికి వచ్చే పెండ్లి అనుకుందాం. బంతిలో నేల మీద కూర్చున్న మనిషికి రెండడుగుల వెడల్పు కావాలి. విస్తరికి, వడ్డించేవాళ్ళు నడిచే దారికి కలిపి నాలుగడుగులు కావాలి. అంటే మనిషికి 8 చదరపు అడుగులు. బంతికి వంద మంది చొప్పున మూడు బంతులు లేపితే 800 చదరపు అడుగుల నీడ సరిపోతుంది. 20 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు. పదడుగులకో గుంజ పాతితే మూడు వరసలు, వరసకు అయిదు, మొత్తం 15 గుంజలు. రెండడుగులు నేలలోకి పోయాక మనిషి చెయ్యెత్తినా తగలకూడదంటే గుంజ పదడుగులుండాలి. పైన వెదురు వాసాలు, వాటి మీద నేరేడు కొమ్మలో కానుగ కొమ్మలో తాటాకో. పదిహేను ఇరవై మంది పొద్దున్నే మొదలుపెడితే సాయంత్రానికి నీడ తయారు. వేసవిలో ఆకు రెండో రోజుకు వాడుతుంది, మూడో రోజుకు గలగలలాడుతుంది. కాబట్టి పందిరి ముందురోజే వెయ్యాలి, అంటే ఆ ముందురోజే మనుషులు దొరకాలి. వంట పొయ్యిలు గాలి పోయే వైపున, పందిరికి దూరంగా తవ్వాలి. లేకపోతే ఎండిన ఆకు మీద నిప్పురవ్వ పడుతుంది. ఇవన్నీ ఒకప్పుడు పదేళ్ళ పిల్లవాడికి తెలిసిన సంగతులు. ఇప్పుడు హాస్టళ్ళలో పెరిగి వచ్చిన పాతికేళ్ళ కుర్రవాడికి గుంజ గోతిలో రాయి బిగించడం రావడం లేదు. చదువు మీద ఫిర్యాదు కాదిది. నేర్పేవాళ్ళున్నప్పుడే నేర్చుకోవాలని చెప్పడం.

ఈ పందిరికి డబ్బుల్లో ఖర్చు తక్కువ. ఖర్చే లేదనడం మాత్రం అబద్ధం. ఆ పదిహేను ఇరవై మంది ఒక రోజు కూలి వదులుకుని వచ్చారు. వాళ్ళకు కల్లు పోయాలి, ఒక పూట కూరతో అన్నం పెట్టాలి. రేపు వాళ్ళింట్లో పెండ్లయితే మనం గడ్డపార పట్టుకుని పోవాలి. పందిరి అసలు ఖరీదు ఇదే. వడ్డీ లేకుండా తీసుకునే అప్పును చేబదులు అంటారు కదా, ఆ మాట పందిరికి సరిగ్గా అతుకుతుంది. చేతులతో తీసుకుంటాం, చేతులతోనే తీరుస్తాం. దీన్ని ఏ పుస్తకంలోనూ రాయరు. కానీ ఎవరి పందిరికి ఎవరు వచ్చారో, ఎవరు రాలేదో గూడెంలో అందరికీ తెలుసు.

హాలుకు ఈ బదులు లేదు. అద్దె కట్టాం, తాళం తీశారు, రాత్రికి ఖాళీ చేశాం. అద్దెతో ఆగదు. కరెంటు వేరే, జనరేటర్ డీజిల్ వేరే, ఊడ్చినందుకు వేరే, స్టేజీ డెకరేషన్ వేరే. చివరికి ఇచ్చిన అడ్వాన్సులో ఎంత తిరిగొస్తుందో అదొక బేరం. ఇంకో సంగతి కూడా అడగాల్సి ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుల పేరుకు మారకూడదని 1970 నాటి 1/70 చట్టం చెప్తోంది. మనం అద్దె కడుతున్న హాలు ఎవరి భూమిలో లేచింది? అడ్వాన్సు ఇచ్చేటప్పుడు పార్కింగ్ ఎంత ఉందని అడుగుతాం, ఏసీ ఉందా అని అడుగుతాం. ఈ మాట ఎవరం అడగం.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మగపిల్లవాడి ఇంటి ముందు జరిగే పెండ్లి హాలుకు పోగానే, అది ఎవరి ఇల్లూ కాని చోట జరిగే పెండ్లి అయింది. ఎవరి ఇల్లూ కాని చోట ఖర్చు ఎవరిది? మైదాన ప్రాంతపు అలవాటు దీనికి జవాబు ముందే సిద్ధం చేసి పెట్టింది. పెండ్లి చెయ్యడం ఆడపిల్ల వాళ్ళ పని. మొదట "సగం సగం వేసుకుందాం వియ్యంకుడా" అంటారు. ఆ తర్వాత "హాలు మీరు చూసుకోండి, బట్టలు మేం చూసుకుంటాం" అంటారు. ఇంకొన్నాళ్ళకు "పిల్లవాడు ఉద్యోగస్తుడు, పై ఆఫీసర్లు వస్తారు, కాస్త మంచి హాలు చూడండి" అంటారు. కట్నం అనే మాట ఎవరి నోటా రాదు. హాలు అద్దె అనే పేరుతో అది మా ఇళ్ళల్లోకి నడిచి వచ్చింది. ఓలి ఇచ్చి తెచ్చుకున్న మేనత్తలున్న ఇంట్లోనే మేనకోడలి పెండ్లికి ఎకరం మిర్చి చేను కౌలుకు పెట్టారంటే, మధ్యలో మారింది మనుషుల మనసులు మాత్రమే కాదు, జాగా కూడా.

ప్రభుత్వం ఇచ్చే డబ్బు ఈ మార్పును ఇంకాస్త ముందుకు తోసింది. తెలంగాణలో కల్యాణలక్ష్మి 2014 అక్టోబరులో 51,000 రూపాయలతో మొదలైంది. 2018 నుంచి అది 1,00,116 రూపాయలు. చెక్కు ఆడపిల్ల తల్లి పేరున వస్తుంది. పిల్లకు పద్దెనిమిదేళ్ళు నిండాలన్న షరతు మంచిది, అది ఉండాల్సిందే. కానీ పెండ్లి భారం ఆడపిల్ల ఇంటిదే అనే ఊహ మీద ఆ పథకం నిలబడి ఉంది. ఆ ఊహ మాది కాదు. ఆ లక్ష చూసి "మీకెట్లాగూ వస్తుంది కదా" అనే మగపెండ్లివాళ్ళు తయారయ్యారు. చెక్కు వచ్చేది పెండ్లి తర్వాత. హాలు అడ్వాన్సు కట్టేది పెండ్లికి ముందు. మధ్యలో ఉన్న ఆ నెలల్ని మిర్చి కొనే వ్యాపారి దగ్గర తెచ్చిన అప్పుతో పూడుస్తారు. ఆ అప్పుకు వడ్డీ ఉంటుంది, పైగా పంట అతనికే వెయ్యాలి.

ఇక్కడిదాకా చదివి, హాళ్ళకు పోయేవాళ్ళంతా తెగను మరిచినవాళ్ళని అంటున్నామని ఎవరైనా అనుకోవచ్చు. అట్లా అనడం లేదు. హాలు వైపు నుంచి చెప్పాల్సిన మాటలు చాలా ఉన్నాయి. వాటిని చెప్పేవాళ్ళు ఎక్కువగా ఆడవాళ్ళు.

పందిరి పెండ్లిలో మగవాళ్ళ పని ఒక రోజు. ఆడవాళ్ళ పని ముందు మూడు రోజులు, వెనక రెండు రోజులు. నేల అలకాలి, కట్టెలు తేవాలి, నీళ్ళు మొయ్యాలి, వచ్చిన చుట్టాల పిల్లల్ని చూడాలి, మసిబారిన గుండిగలు తోమాలి. పందిరిని పొగుడుతూ రాసిన రాతల్లో నీళ్ళబిందెలు మోసిన తలలు కనబడవు. హాల్లో కుళాయి తిప్పితే నీళ్ళొస్తాయి. మరుగుదొడ్డికి తలుపుంటుంది, చీకటి పడేదాకా ఆగక్కర్లేదు. పెండ్లికొడుకు తల్లి కూడా ఆ ఒక్కరోజు కుర్చీలో కూర్చుని తన కొడుకు పెండ్లి తాను చూస్తుంది. ఇవి షోకులు కావు. ఒక పిల్ల "నాకు హాలే కావాలి" అని పట్టుబడితే ఆమె అడుగుతున్నది రంగుల దీపాలు కాకపోవచ్చు, తలుపున్న మరుగుదొడ్డి కావచ్చు. పెద్దలు తిట్టే ముందు ఏది అడుగుతోందో కనుక్కోవాలి.

ఇంకొకటి మర్యాద. ఆశ్రమ పాఠశాలలో చదివి, నర్సింగ్ చేసి, పట్నం ఆసుపత్రిలో కొలువు చేస్తున్న అమ్మాయి తన తోటివాళ్ళను గూడేనికి పిలవడానికి వెనకాడుతుంది. వాళ్ళు వస్తారు, ఆకుల పందిరి ముందు నిలబడి ఫొటోలు దిగుతారు, "ఎంత నేచురల్‌గా ఉందో" అంటారు. ఆ మెచ్చుకోలులో ఏముందో ఆమెకు తెలుసు. ఏళ్ళ తరబడి హాస్టల్లో, కాలేజీలో విన్న గొంతే అది. ఆ రోజు ఆమె తన ఇంటివాళ్ళను నలుగురిలో నలుగురిలాగా కూర్చోబెట్టాలనుకుంటే దాన్ని తప్పు పట్టే హక్కు ఎవరికీ లేదు. సంప్రదాయం నిలబెట్టే బరువంతా గూడెంలో మిగిలిన పేదింటి మీదా, ఆడపిల్ల మీదా పెట్టడం, కొలువుల్లో ఉన్నవాళ్ళం సభల్లో పందిరి గురించి మాట్లాడి మన పిల్లల పెండ్లిళ్ళు హాళ్ళలో చెయ్యడం, ఇదెక్కడి న్యాయం?

మరి ఏ కొలతతో ఎంచుకోవాలి? చేతిలో డబ్బుందా లేదా అన్నది ఒక కొలత. ఆచారమా కాదా అన్నది ఇంకో కొలత. ఈ రెండూ ఆ ఒక్క ఇంటినే చూస్తాయి. మాకు తోచిన కొలత ఇది. ఈ పెండ్లికి వచ్చినవాళ్ళలో అందరికంటే లేనివాళ్ళు ఎవరు? వచ్చే ఏడు వాళ్ళింట్లో పెండ్లయితే, మనం చేసినట్టు చెయ్యగలరా? చెయ్యలేకపోతే మన సంబరం వాళ్ళ మీద అప్పుగా మిగులుతుంది. వాళ్ళ పిల్లకు సంబంధం వచ్చినప్పుడు అవతలివాళ్ళు మన పెండ్లి పేరే చెప్తారు, "ఫలానా వాళ్ళు చేశారు కదా, మీరెందుకు చెయ్యరు?" అని.

దీనికి వెంటనే వచ్చే జవాబు మాకు తెలుసు. "మా డబ్బు మా ఇష్టం, పెండ్లి మా సొంత విషయం." సొంత విషయమే అయితే ఇద్దరూ రిజిస్ట్రార్ ఆఫీసుకు పోయి ముగ్గురు సాక్షులతో సంతకం పెట్టి రావచ్చు. చట్టం ప్రకారం అది పూర్తి పెండ్లి, ఖర్చు కూడా స్వల్పం, అట్లా చేసుకున్నవాళ్ళంటే మాకు గౌరవం. కానీ సాక్ష్యానికి ఊరంతా రావాలి, చదివింపులు ఊరంతా చదివించాలి, ఖర్చు దగ్గరికొచ్చేసరికి మాత్రం నా ఇష్టం అంటే కుదరదు.

ఇంకో జవాబు ఇంతకంటే గట్టిది. అందరికంటే లేనివాళ్ళ కొలతే పట్టుకుంటే గూడెం ఎప్పటికీ అక్కడే ఉండాలా? ఒకరు ముందుకు పోతేనే కదా ఇంకొకరు పోయేది? ఈ మాటలో నిజముంది. ముందుకు పోవడం అంటే ఏమిటో మాత్రం చూడాలి. హాలుకు పెట్టిన డబ్బు పెండ్లి అయిన మర్నాటికి గూడెంలో ఒక్క రూపాయి కూడా కనబడదు. అదే డబ్బులో సగం పెట్టి ఇంటి దగ్గర రెండు మరుగుదొడ్లు, నీళ్ళ ట్యాంకు, కరెంటు లైను వేయించుకుని అక్కడే పందిరి వేస్తే, మర్నాడు అవి ఉంటాయి. పక్కింటి పెండ్లికి కూడా పనికొస్తాయి. ఉద్యోగస్తుడు ముందుకు పోయినట్టూ అవుతుంది, వెనకవాళ్ళు అందుకోగలిగినట్టూ అవుతుంది. ఖర్చు పెట్టొద్దని మేము ఎవరికీ చెప్పం. పెట్టిన ఖర్చులో ఊళ్ళో మిగిలేది ఎంత అని అడుగుతాం.

నెల కూడా జాగాను నిర్ణయిస్తుంది, దీన్ని చాలామంది మరిచిపోతారు. ఇప్పపువ్వు రాలేది మార్చి, ఏప్రిల్ నెలల్లో. తునికాకు కోత ఏప్రిల్ చివరి నుంచి మే దాకా. ఆ రోజుల్లో తెల్లారకముందే ఇల్లిల్లూ అడవిలో ఉంటుంది. అప్పుడు పెండ్లి పెట్టి "గుంజలు పాతడానికి ఎవరూ రాలేదు, అందుకే హాలుకు పోయాం" అంటే తప్పు ఊరిది కాదు, తేదీది. మా పెద్దలు పంచాంగం కంటే ముందు అడవినీ పంటనూ చూసుకునేవాళ్ళు. ఇప్పుడు పట్నంలో ముహూర్తాలున్న రోజుల్లోనే మేమూ పెండ్లిళ్ళు పెడుతున్నాం, సరిగ్గా హాళ్ళకు గిరాకీ ఉన్న రోజుల్లో. మనది కాని ముహూర్తానికి మనం ఎక్కువ అద్దె కడుతున్నాం. ఎండాకాలం ఉరుము వాన భయం ఉంటే పందిరి మీద ఆకు కింద ఒక పొర టార్పాలిన్ కట్టుకోవాలి. దానికి సిగ్గుపడక్కర్లేదు, టార్పాలిన్ కట్టినంత మాత్రాన కోయతనం పోదు.

అలంకరణ దగ్గర కూడా ఎవరికోసం అన్నదే ముందు అడగాలి. కెమెరా కోసమైతే ఒక గోడ చాలు. ఇప్పటి స్టేజీలన్నీ అట్లాగే ఉంటాయి, ముందు పూలు, వెనక ఇనుప పైపులు. వచ్చిన మనుషుల కోసమైతే దుమ్ము లేవని నేల, నిండు నీడ, రాత్రిపూట దారి కనబడే వెలుతురు, కడుక్కోవడానికి నీళ్ళు, ముసలివాళ్ళకు నాలుగు కుర్చీలు. ముందు వీటికి పెట్టి, మిగిలితే రంగుకు పెట్టాలి. రంగు కూడా మన దగ్గర తక్కువేం లేదు. ఎర్రమన్నుతో అలికిన నేల మీద తెల్లమన్ను ముగ్గు, గుంజలకు చుట్టిన ఈతాకు, వాసాలకు వేలాడే వరికుచ్చులు, జొన్నకంకులు, గుమ్మానికి మామిడి తోరణం, పెరట్లో వేసిన బంతిపూలు. పందిరి లోపలి వైపు అక్కచెల్లెళ్ళ చీరలు కడితే షామియానా అక్కర్లేదు. పెండ్లయ్యాక విప్పి మడత పెట్టుకుని ఎవరి చీర వాళ్ళు పట్టుకుపోతారు. బంతి గింజలు నాటడానికి మూడు నెలల ముందే ఎవరో ఒకరు గుర్తు పెట్టుకోవాలి, అంతే.

కొమ్మలు కొట్టేటప్పుడు చెట్టు చావకూడదు, ఇప్ప చెట్టు జోలికి పోకూడదు. ఇది మా వాళ్ళకు కొత్తగా చెప్పక్కర్లేదు. చెప్పాల్సింది ఇంకొకటుంది. పేర్లు చెక్కిన థర్మాకోల్ బోర్డులు, ప్లాస్టిక్ పళ్ళేలు, గ్లాసులు 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధం. అయినా పెండ్లి మర్నాడు వాగు ఒడ్డున చూస్తే అవే కనిపిస్తాయి. అడ్డాకు విస్తరి కుట్టి సంతలో అమ్మే ఆడవాళ్ళున్న ఊళ్ళో, వాళ్ళ దగ్గర కొనకుండా వెండి రంగు పూసిన పళ్ళేలు పట్నం నుంచి తేవడం మాకు ఎప్పుడు చూసినా మింగుడు పడదు. ఈ మధ్య టెంట్ హౌస్ వాళ్ళు "ట్రైబల్ థీమ్" అని ఒకటి పెట్టారు. ఫ్లెక్సీ మీద తెల్ల గీతల బొమ్మలు అచ్చు వేసి స్టేజీ వెనక కడతారు. అవి మహారాష్ట్ర వార్లీల బొమ్మలు. మనవాళ్ళు వాటికి అద్దె కట్టి, వాటి ముందు నిలబడి మన సంస్కృతి అని ఫొటోలు పెడుతున్నారు. వార్లీలు కూడా అన్నదమ్ములే, కాదనం. అద్దె మాత్రం వాళ్ళకు పోదు.

ఇంటి ముందు జాగా ఉన్నవాళ్ళకే ఈ మాటలన్నీ. పోలవరం ముంపు నుంచి లేచి కాలనీలకు పోయిన మా వాళ్ళ సంగతి వేరు. 2014లో ఏడు మండలాలు ఆంధ్రలో కలిశాక కూనవరం, చింతూరు, వేలేరుపాడు వైపు పిల్లను ఇచ్చినా తెచ్చుకున్నా రాష్ట్రం సరిహద్దు దాటాల్సి వస్తోంది. ఆ మండలాల్లో ఊరు ఖాళీ చేసినవాళ్ళకు ఇంకా పెద్ద చిక్కు. కాలనీలో ఇళ్ళు వరసగా ఉంటాయి, గోడకు గోడ దగ్గర. 800 చదరపు అడుగుల నీడకు వాకిలి లేదు. నేరేడు కొమ్మకు అడవి దగ్గర లేదు. ఒక గూడెం వాళ్ళను రెండు మూడు చోట్ల పెడితే గడ్డపార పట్టుకొచ్చే చేతులు కూడా చెదిరిపోతాయి. అట్లాంటి చోట వీధికి అడ్డంగా టెంటు వేస్తారు. ఎదురింటివాళ్ళు ఒప్పుకుంటే వీధే పెండ్లి జాగా. వాళ్ళను చూసి "పందిరి మరిచిపోయారు" అనడం అన్యాయం. పందిరికి కావాల్సిన మూడూ, వాకిలి, అడవి, మనుషులు, పరిహారం లెక్కల్లో ఎక్కడా లేవు. ఇంటికి లెక్క కట్టారు, చెట్టుకు లెక్క కట్టారు, పెండ్లి చేసుకునే చోటుకు కట్టలేదు.

కొన్నిచోట్ల పెద్దలు తీర్మానాలు చేసి హాళ్ళకు, డీజేకు జరిమానా పెట్టాలని ఆలోచిస్తున్నారు. ఆచారాలను కాపాడుకునే అధికారం గ్రామసభకు 1996 పెసా చట్టం ఇచ్చింది, నిజమే. కానీ జరిమానా పడితే కట్టగలిగినవాడు కట్టి హాలుకే పోతాడు, కట్టలేనివాడు మాత్రమే ఆగుతాడు. అప్పుడు తీర్మానం కూడా పేదవాళ్ళ మీదే పనిచేసినట్టవుతుంది. మాకు ఇందులో నమ్మకం లేదు. ఊళ్ళో మొదట కొలువు వచ్చిన ఇల్లు, మొదట కారు కొన్న ఇల్లు తమ పిల్లవాడి పెండ్లి వాకిట్లో చేస్తే, హాలు ఖర్చు ఆడపిల్ల వాళ్ళ మీద వెయ్యకుండా తామే అన్నం పెడితే, ఆ తర్వాత పది పెండ్లిళ్ళ మాట తీర్మానం లేకుండానే తేలుతుంది. ఉద్యోగ సంఘాల్లో ఉన్న మన అన్నలు, అక్కలు ఈ మాట ఒకసారి తమలో తాము మాట్లాడుకోవాలి.

అడగాల్సిన చోట అడగాల్సింది కూడా ఒకటుంది. 2006 అటవీ హక్కుల చట్టంలో సెక్షన్ 3(2) కింద ఊరికి కావాల్సిన 13 రకాల సౌకర్యాలకు అటవీ భూమి తీసుకోవచ్చు. బడి, ఆసుపత్రి, అంగన్‌వాడీ, రోడ్డుతో పాటు ఆ జాబితాలో కమ్యూనిటీ సెంటర్ కూడా ఉంది. ఒక్కోదానికి హెక్టారు లోపు భూమి, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు, గ్రామసభ సిఫారసు చెయ్యాలి. బడికీ రోడ్డుకీ దీన్ని వాడుకుంటున్నాం. పెండ్లికీ చావుకీ పండుముకీ పనికొచ్చే ఒక పెద్ద నీడ కోసం ఎన్ని గ్రామసభలు అడిగాయి? రెండు మూడు గూడేలకు కలిపి ఒకటి చాలు. కాలనీలకైతే అది పునరావాసం ప్యాకేజీలోనే అడగాలి.

అడిగేటప్పుడు ఏం అడుగుతున్నామో మనకు తెలిసి ఉండాలి. పట్నం హాలు నకలు వద్దు. పైకప్పు ఎత్తుగా, చుట్టూ గోడలు లేకుండా. తలుపులున్న మరుగుదొడ్లు నాలుగు, అందులో రెండు ఆడవాళ్ళ వైపు. కుళాయి వంట దగ్గరికి రావాలి, ఆడవాళ్ళు కుళాయి దగ్గరికి పోవడం కాదు. వంటకు పొగగొట్టం ఉన్న చిన్న పాక. గుండిగలు, గంటెలు, చాపలు, టార్పాలిన్లు పెట్టుకునే గది, వాటి లెక్క మహిళా సంఘం దగ్గర. అద్దె నామమాత్రం, అది కూడా పాత్రలకు కళాయి వేయించడానికి. తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలన్నది గ్రామసభలో అన్నిటికంటే ఎక్కువసేపు నడుస్తుంది, నడవనివ్వండి. ముందు వైపు వాకిలిగా వదిలిన జాగాలో ఎవరికి వాళ్ళు ఆకు పందిరి వేసుకునే వీలుండాలి, గుంజలకు గోతులు ముందే కట్టి ఉంచితే పని సగమవుతుంది.

ఇంజినీరు ఎస్టిమేట్ వేసేటప్పుడు నేలంతా ఆ చివర నుంచి ఈ చివర దాకా టైల్స్ అని రాస్తాడు. అక్కడ మన పెద్దవాళ్ళు ఎవరో ఒకరు పక్కనే ఉండి, మధ్యలో పదడుగుల మేర మట్టి నేల వదిలెయ్యమని చెప్పి, ఆ మాట కాగితం మీద రాయించాలి. నీళ్ళు పోసేది అక్కడే.